రామగుండం కింద మంచు జాడలు!

✦ ఎండలకు పేరుమోసిన రామగుండం నేల అడుగున మంచు జాడలున్నాయి. గోదావరి లోయలో బొగ్గు పొరల కింద ఉండే తాల్చేరు రాతిపొరల్లో, దాదాపు 30 కోట్ల ఏళ్ల కిందట హిమానీనదాలు ఈడ్చుకొచ్చిన రాళ్లు కనిపిస్తాయి.

✦ ఆ మంచు కరిగాక పెరిగిన గ్లోసాప్టెరిస్ అడవులే సింగరేణి బొగ్గుకు ముఖ్యమైన ముడిసరుకు. ఈ చెట్ల ఆకుల ముద్రలు ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికాల్లోనే కాదు, అంటార్కిటికాలోనూ దొరికాయి. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ చనిపోయిన కెప్టెన్ స్కాట్ బృందం సామానులోనూ ఇవి ఉన్నాయి. ఇన్ని ఖండాల్లో పరుచుకున్నా, భూమి విపరీతంగా వేడెక్కిన 25 కోట్ల ఏళ్ల నాటి మహావినాశనాన్ని ఆ చెట్లు తట్టుకోలేకపోయాయి.

✦ ఇలా ఒక చెరువునో అడవినో కాక, ఖండాలకు ఖండాలనే చూసి జీవజాతుల లెక్క తేల్చే శాస్త్రం మాక్రోఎకాలజీ. 1989లో అమెరికా శాస్త్రవేత్తలు జేమ్స్ బ్రౌన్, బ్రయన్ మౌరర్ దీనికి ఆ పేరు ఖాయం చేశారు.

✦ ఊళ్లో రాబందులు కనబడకపోతే ఎటో పోయాయనుకున్నాం. దేశమంతటి లెక్కలు తీస్తే 1992–2007 మధ్య తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా పోయాయని తేలింది. కారణం పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందు. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు.

✦ అడవి పదో వంతుకు తగ్గితే అక్కడి జాతుల్లో సుమారు సగం పోతాయని ఒక మోటు లెక్క. మిగిలిన అడవి ముక్కలుగా చీలితే నష్టం ఇంకా పెరుగుతుంది, కాకపోతే నెమ్మదిగా.

✦ వంద మీటర్ల కొండెక్కితే అర డిగ్రీకి పైగా చల్లబడుతుంది. మైదానంలో ఆ చల్లదనం కోసం పదుల కిలోమీటర్లు పోవాలి. భూమి వేడెక్కేకొద్దీ, అలవాటైన వేడిమిని వెతుక్కుంటూ జీవులు ఏటా సగటున 420 మీటర్లు జరగాల్సి ఉంటుందని 2009 నాటి అధ్యయనం అంచనా.

✦ దారి ఉంటే జీవి కదులుతుంది. మహారాష్ట్రలోని తాడోబా వైపు నుంచి పులులు కాగజ్‌నగర్ అడవులకు వచ్చి, అక్కడే పిల్లల్నీ పెట్టాయి. అందుకే గనికో రోడ్డుకో స్థలం చూసేటప్పుడు ఒక్క జిల్లా మ్యాప్ చాలదు.

✦ ఓపెన్‌కాస్టు గనుల పక్కన ఓబీ (తవ్విపోసిన మట్టి) గుట్టల మీద నాటిన చెట్ల పచ్చదనం ఉపగ్రహానికి కనిపిస్తుంది. ఆ కొమ్మల్లో ఏ పిట్ట గూడు కట్టిందో మనమే చూడాలి. ఏటా ఫిబ్రవరిలో జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌కు పావుగంట కేటాయించండి. చూసిన పిట్టల్ని లెక్కపెట్టి ఈబర్డ్ యాప్‌లో ఎక్కించండి.