15 ఏళ్ల దాకా మీ బండి బ్రేకులు ఎవరూ చూడరు.. ఈ లక్షణాలు గమనిస్తున్నారా?

మల్కాజ్‌గిరి నుంచి ఆనంద్‌బాగ్ మీదుగా నేరేడ్‌మెట్ వైపు రోజూ బండి నడిపేవారికి బ్రేక్ మీద నుంచి చెయ్యి తీసే వీలే ఉండదు. సిగ్నళ్లు, స్పీడ్ బ్రేకర్లు, ఉన్నట్టుండి ఆగే ఆటోలు. ఇలా ఆగుతూ సాగే ప్రయాణాల్లో బ్రేకులు హైవే మీదకన్నా త్వరగా అరుగుతాయి. మరి వాటిని తనిఖీ చేసేదెవరు? సొంత బండి అయితే మీరే.

ప్రభుత్వం తనిఖీ చేయదా?

ఆటోలు, క్యాబ్‌లు, స్కూల్ బస్సుల వంటి రవాణా వాహనాలకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తప్పనిసరి. బండికి 8 ఏళ్లు వచ్చే వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా దాన్ని రెన్యువల్ చేయించాలి. సొంత కారు, బైక్, స్కూటర్లకు మాత్రం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ గడువు ముగిసి రెన్యువల్‌కు వెళ్లినప్పుడే ఆర్టీఏలో బండిని పరీక్షిస్తారు. మధ్యలో తీసుకునే పొల్యూషన్ సర్టిఫికెట్ పొగకు సంబంధించినదే. దానికీ బ్రేకులకూ సంబంధం లేదు.

ఏ లక్షణం దేనికి గుర్తు?

* కీచుమనే శబ్దం: ప్యాడ్లు అరిగి ఉండొచ్చు. చాలా కార్ల ప్యాడ్లకు ఇలా హెచ్చరించే రేకు ఉంటుంది. వాన పడిన మర్నాడు ఉదయం వచ్చి, నాలుగైదు బ్రేకులకే పోయే శబ్దం డిస్క్ మీది తుప్పుది. దానికి భయం లేదు.
* గరగరమని ఇనుము రాసుకునే శబ్దం: ప్యాడ్ పూర్తిగా అరిగి డిస్క్‌ను తినేస్తోంది. వెంటనే మెకానిక్‌కు చూపించాలి.
* పెడల్ మెత్తగా దిగిపోవడం: బ్రేక్ ఆయిల్ తగ్గింది లేదా పైపుల్లోకి గాలి చేరింది.
* బండి ఒక పక్కకు లాగడం: ఒక చక్రానికే బ్రేక్ సరిగా పడుతోంది.
* పెడల్ అదరడం: డిస్క్ వంకర తిరిగి ఉండొచ్చు. అయితే ఏబీఎస్ ఉన్న కారులో గట్టిగా బ్రేక్ వేసినప్పుడు వచ్చే అదురు మామూలే.

ఇంట్లోనే ఎలా చూసుకోవాలి?

కారు ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చే సమయమైనట్టే. బైక్ డిస్క్ ప్యాడ్లపై ఉండే గాడి కనిపించకపోతే అవి అరిగిపోయినట్టు. డ్రమ్ బ్రేక్ ఉన్న చాలా స్కూటర్లలో చక్రం దగ్గర చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేక్ పూర్తిగా నొక్కినప్పుడు అది పక్కనున్న గీతను చేరితే లైనర్లు మార్చాలి. వైరు బిగించి సరిపెట్టుకోవద్దు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే సాధారణంగా రెండేళ్లకోసారి మార్చాలి.

శబ్దం పోవాలని డిస్క్ మీద ఆయిల్, గ్రీజు వేస్తే బ్రేక్ అసలే పట్టదు. ప్యాడ్లు మార్చేటప్పుడు కారుకు రెండు పక్కలా కలిపే మార్పించండి. తీసిన పాతవి చూపించమని మెకానిక్‌ను అడగండి.

వేగం పెరిగితే ఎంత తేడా?

గంటకు 30 కిలోమీటర్ల వేగంలో మీరు తేరుకుని బ్రేక్ నొక్కడానికి ఒక్క సెకను పట్టినా, బండి ఆలోపే 8 మీటర్లు వెళ్తుంది. 60 కిలోమీటర్లయితే దాదాపు 17 మీటర్లు. బ్రేక్ పడ్డాక ఆగడానికి పట్టే దూరం రెట్టింపు కాదు, సుమారు నాలుగింతలు అవుతుంది. అరిగిన బ్రేకులతో అది ఇంకా పెరుగుతుంది.

అండర్ బ్రిడ్జి నీళ్లలోంచి వచ్చాక?

తడిసిన బ్రేకులు, ముఖ్యంగా డ్రమ్ బ్రేకులు, కాసేపు సరిగా పట్టవు. నెమ్మదిగా నడుపుతూ, వెనుక బండ్లు లేవని చూసుకుని రెండు మూడుసార్లు మెల్లగా నొక్కితే ఆ వేడికి ఆరిపోతాయి.

నడుస్తుండగా బ్రేక్ పడకపోతే?

కారు పెడల్‌ను వరసగా నొక్కి వదలండి. ఒక్కో గేరూ తగ్గించండి. హ్యాండ్ బ్రేక్‌ను ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా లాగండి. కదులుతున్న కారు తాళం తీయవద్దు, స్టీరింగ్ బిగుసుకుపోతుంది.

పిల్లలు వెళ్లే వ్యాను, ఆటో సంగతి?

ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొడితే ఫిట్‌నెస్ ఎప్పటి వరకు ఉందో కనిపిస్తుంది. గడువు దాటి ఉంటే డ్రైవర్‌ను, స్కూల్‌ను అడగండి. స్పందన లేకపోతే ఆర్టీఏకు ఫిర్యాదు చేయొచ్చు.