చెవి వాస్తుంది, తమ్మె వాయదు

మీ చెవి పై అంచు పట్టుకుని వంచి చూడండి. వంగుతుంది. వదిలితే మళ్లీ నిలబడుతుంది. లోపల ఉన్నది మాంసం కాదు, గట్టి ఎముకా కాదు. దాన్ని మృదులాస్థి అంటారు. అంటే మెత్తని ఎముక. ఇప్పుడు కమ్మలు పెట్టుకునే తమ్మెను పట్టుకోండి. అందులో మృదులాస్థి లేదు. అందుకే అంత మెత్తగా ఉంటుంది.

ముక్కు కొనలోనూ మృదులాస్థి ఉంది. కీళ్లలో ఎముకల చివర ఉంది. గాలి గొట్టాన్ని మూసుకుపోకుండా పట్టి ఉంచేదీ ఇదే.

ఈ మృదులాస్థిని పట్టుకునే జబ్బు ఒకటుంది. డాక్టర్లు దాన్ని రిలాప్సింగ్ పాలీకాండ్రైటిస్ అంటారు. పేరుకి నోరు తిరగదు గానీ అర్థం తేలికే. మృదులాస్థి చాలా చోట్ల వాచి, తగ్గి, మళ్లీ వాచే జబ్బు. చాలా అరుదుగా వస్తుంది.

చెవి ఎర్రగా కందిపోతుంది. తాకితే ఓర్చుకోలేనంత నొప్పి. తమ్మె మాత్రం మామూలుగానే ఉంటుంది. కొన్నాళ్లకు వాపు తీస్తుంది. ఏదో పురుగు కుట్టి ఉంటుందిలే అనుకుంటారు. మళ్లీ వస్తుంది. అలా వచ్చి పోతూ ఉంటే కొందరికి చెవి ముడుచుకుపోతుంది, ముక్కు కుంగిపోతుంది.

ముక్కు కుంగితే కుష్ఠు అని గుసగుసలు మొదలవుతాయి. ఇది కుష్ఠు కాదు. కుష్ఠులో తమ్మె కూడా దళసరి కావచ్చు, మచ్చల మీద స్పర్శ తగ్గుతుంది. ఇందులో తమ్మె బాగుంటుంది, నొప్పి ఎక్కువ. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. (ఆ మాటకొస్తే కుష్ఠు కూడా మందులతో నయమయ్యేదే.)

అసలు భయం గాలి గొట్టంతోనే. దాని మృదులాస్థి దెబ్బతింటే గొట్టం ముడుచుకుపోతుంది. గొంతు బొంగురు పోయినా, ఊపిరి పీల్చేటప్పుడు చప్పుడు వచ్చినా రోగిని ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

ఈ జబ్బు గురించి మొదట రాసినవాడు ప్రాగ్ నగరంలోని డాక్టర్ యాక్ష్. అది 1923. ఆయన దగ్గరికి వచ్చిన రోగి బీరు కాచే పనివాడు, వయసు 32 ఏళ్లు. జ్వరం, కీళ్ల నొప్పులు, చెవుల వాపు. ముక్కు కుంగింది. ముక్కు లోపలి ముక్క తీసి చూస్తే అక్కడ ఉండాల్సిన మృదులాస్థి లేదు. ఈనాటి పేరు 1960లో వచ్చింది.

మృదులాస్థి గురించి ఒక వింత సంగతి కుందేళ్ల వల్ల తెలిసింది. మాంసం త్వరగా ఉడకాలని పచ్చి బొప్పాయి ముక్క వేస్తాం కదా. మాంసాన్ని మెత్తబరిచే పదార్థం బొప్పాయి పాలలో ఉంది. దాని పేరు పపైన్. అమెరికాలో లూయిస్ థామస్ అనే డాక్టరు దాన్ని కుందేళ్ల రక్తంలోకి ఎక్కించాడు. కొన్ని గంటల్లో వాటి చెవులు వాడిన ఆకుల్లా వాలిపోయాయి. మూడు నాలుగు రోజుల్లో మళ్లీ నిలబడ్డాయి!

ఆయన ఆ వింతను చాలా ఏళ్ల ముందే చూశాడు. కారణం వెతికినా దొరకలేదు. మృదులాస్థి కదలనిది, మెదలనిది, అందులో చూడటానికేముంది అనుకున్నాడు. తర్వాత విద్యార్థులకు పాఠం చెబుతూ మామూలు కుందేలు చెవినీ, వాలిన చెవినీ పక్కపక్కన పెట్టి చూశాడు. అప్పుడు తెలిసింది. వాలిన చెవిలో మృదులాస్థి కణాల మధ్య ఉండే గట్టి పదార్థం కరిగిపోయింది. 1956లో ఆ సంగతి అచ్చు వేయించాడు. కుందేలు చెవి ఆ పదార్థాన్ని తిరిగి తయారు చేసుకుంది. కానీ జబ్బు మనిషిలో ముక్కు ఒకసారి కుంగితే తిరిగి లేవదు. మాటిమాటికీ వచ్చే వాపు మృదులాస్థినే తినేస్తుంది.

మనిషికి బొప్పాయి పాలు ఎవరూ ఎక్కించలేదు కదా, మరి కరిగించేదెవరు? మన ఒంట్లోని కాపలా వ్యవస్థే. రోగాలతో పోరాడాల్సింది సొంత మృదులాస్థి మీద పడుతుంది. కొందరు రోగుల రక్తంలో మృదులాస్థిలోని కొల్లాజెన్ అనే పదార్థానికి ఎదురు తిరిగే కణికలు ఉన్నాయని 1978లో తేలింది. ప్రెడ్నిసొలోన్ లాంటి మందులు ఆ పోరును అణుస్తాయి. డాక్టరు చెప్పకుండా వాటిని వాడకూడదు, ఉన్నట్టుండి మానకూడదు.

2020లో మరో మలుపు. అమెరికా పరిశోధకులు కొందరు పెద్ద వయసు మగవాళ్ల జన్యువులు చదివారు. వాళ్లకు జ్వరాలు, రక్తహీనత, చర్మం మీద దద్దుర్లు. చాలామందికి చెవి, ముక్కు వాపులు. అందరిలోనూ యూబీఏ1 అనే ఒకే జన్యువు దెబ్బతిని ఉంది. అది పుట్టుకతో వచ్చింది కాదు. పెద్దయ్యాక ఎముక మూలుగలో వచ్చిన మార్పు. పిల్లలకు పోదు. ఈ జబ్బుకు వెక్సాస్ అని పేరు పెట్టారు. అందుకే ఇప్పుడు చెవి వాపుతో వచ్చిన పెద్ద వయసు మగవాడికి రక్తం తక్కువగా ఉంటే, డాక్టర్లు ఆ జన్యువునూ పరీక్షిస్తారు. కొందరికి ఎముక మూలుగ మార్పిడి కూడా చేస్తున్నారు.