పడవెక్కే ముందు పట్టీ బిగించండి

నీళ్ళమీద విహారం ఆరోగ్యానికి మంచిదేనా అని ఎవరైనా అడిగితే మంచిదే అంటాను. వారంలో ఐదు రోజులు ఏసీ గదిలో కంప్యూటరు ముందు కూర్చునే హైటెక్ సిటీ ఉద్యోగికి కాస్త గాలి, కాస్త వెలుతురు, నలుగురితో కలిసి నవ్వుకునే వేళ కావాలి. అందుకు మాదాపూర్ పక్కనే దుర్గం చెరువు ఉంది. ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీరిచ్చిన చెరువు. 2020లో కేబుల్ వంతెన వచ్చాక సాయంకాలం పూట అక్కడ జనం తిరునాళ్ళలా ఉంటారు. ఆ చెరువులో పడవెక్కి అరగంట తిరిగితే మనసు తేలికపడుతుంది.

చిక్కల్లా ఏమిటంటే, ఆ చెరువు ఇచ్చిన ధైర్యంతోనే మనం సముద్రం మీదికి కూడా వెళతాం. శుక్రవారం రాత్రి గచ్చిబౌలిలో బస్సెక్కితే మర్నాటికల్లా బాపట్ల దగ్గరి సూర్యలంకకో, విశాఖలో రుషికొండకో చేరుకోవచ్చు. ఒడ్డున చిన్న పడవ కనిపిస్తుంది. దుర్గం చెరువులో ఎక్కినట్టే ఎక్కేస్తాం.

చెరువు వేరు, సముద్రం వేరు

చెరువుకు నాలుగు వైపులా ఒడ్డు ఉంటుంది. గాలి ఎటు తోసినా ఏదో ఒక గట్టుకే చేరుస్తుంది. సముద్రానికి ఒడ్డు ఒక్క వైపే. ఇంజను ఆగిపోయి, గాలి నేల మీది నుంచి వీస్తుంటే పడవ లోపలికి కొట్టుకుపోతుంది. ఒడ్డుకు దగ్గరగా కెరటం విరిగే చోట పడవ అడ్డం తిరిగితే చాలు, బోల్తా కొడుతుంది. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఏటి ఉరవడి, సముద్రపు పోటు ఎదురెదురుగా ఢీకొంటాయి. అక్కడ అనుభవం ఉన్న సరంగులు కూడా జాగ్రత్తగా నడుపుతారు. ఎండ ముదిరినకొద్దీ సముద్రపు గాలి జోరందుకుంటుంది కనుక విహారానికి ఉదయం వేళే మేలు.

మన రాష్ట్రాలలో జరిగిన రెండు ప్రమాదాలు గుర్తు చేసుకోండి. 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద కృష్ణలో పడవ తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయినవారి పడవ కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగింది. మృతుల్లో హైదరాబాదు, వరంగల్లు నుంచి వెళ్ళినవారు చాలామంది ఉన్నారు. ప్రాణాలతో బయటపడ్డవారిలో ఎక్కువమందిని కాపాడింది ఒంటిమీద ఉన్న లైఫ్ జాకెట్టేనని అప్పటి వార్తలు చదివినవారికి గుర్తుండే ఉంటుంది. ఇవి రెండు గట్లూ కంటికి కనిపించే నదుల్లో జరిగినవి. సముద్రంలో ఆపాటి ఆసరా కూడా ఉండదు.

ఈత వస్తే చాలదా?

చాలదు. స్నానాల కొలనులో నేర్చిన ఈత వేరు. అనుకోకుండా నీళ్ళలో పడ్డ మనిషి ఒక్కసారిగా గట్టిగా ఊపిరి పీలుస్తాడు. ఆ క్షణంలో ముఖం నీళ్ళలో ఉంటే గాలికి బదులు నీరే లోపలికి పోతుంది. పడేటప్పుడు పడవ అంచు తలకు తగలవచ్చు. తడిసిన జీన్సు కాళ్ళకు అడ్డం పడుతుంది. రోజంతా కుర్చీకి అలవాటు పడిన కాళ్ళు అలసిపోయి కండరాలు పట్టేస్తాయి.

ఇంకొక మాట. మునిగిపోయే మనిషి సినిమాలోలాగా చేతులూపి కేకలు పెట్టడు. కేక వేయాలంటే ముందు ఊపిరి ఉండాలి కదా! నోరు నీటి అంచున పైకీ కిందికీ ఆడుతుంటుంది, చూపు నిలిచిపోతుంది, చప్పుడు లేకుండా నిమిషంలోపే మునిగిపోవచ్చు. మెదడుకు నాలుగైదు నిమిషాలు ప్రాణవాయువు అందకపోతే జరిగే నష్టాన్ని ఏ వైద్యుడూ పూర్తిగా సరిచేయలేడు. అందుకే తెలివితేటలకూ, ధైర్యానికీ పని లేకుండా ముఖాన్ని నీటిపైన నిలిపే సాధనం ముందే ఒంటిమీద ఉండాలి.

జాకెట్టు వేసుకునే పద్ధతి

పడవలో కాదు, ఒడ్డునే వేసుకోండి. అన్ని పట్టీలూ బిగించండి. భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా పైకి లాగమనండి. జాకెట్టు గడ్డం దాటి పైకి వచ్చేస్తే వదులుగా ఉన్నట్టే. పిల్లలకు పిల్లల కొలతవే కావాలి. పెద్దవారి జాకెట్టులోంచి బిడ్డ కిందికి జారిపోతుంది. చంటిబిడ్డకు సరిపడేది లేకపోతే తల్లి ఒడి దానికి బదులు కాదు. ఆ రోజుకు తల్లీబిడ్డా ఒడ్డునే ఉండాలి. చెమట పోస్తోందనో, ఫొటోలో బాగుండదనో మధ్యలో విప్పకండి. కప్పున్న పడవైతే లోపలి మూలన కాక, బయటికి దారి ఉన్న చోట కూర్చోండి.

ఎక్కే ముందు సరంగును అడగండి: ఈ పడవకు ఎంతమందిని అనుమతించారు? అందరికీ జాకెట్లున్నాయా? ఇవాళ వాతావరణ శాఖ హెచ్చరిక ఏమైనా ఉందా? మత్స్యకారులను వేటకు వెళ్ళవద్దన్న రోజు మనకు విహారమెందుకు? అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపానుల కాలమని మరవకండి. ఎందరు వెళుతున్నారో, ఎప్పటికి తిరిగి వస్తారో ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్ళండి. పడవలో నిలబడకండి. అందరూ ఒకే పక్కకు చేరి ఫొటోలు తీసుకుంటే తూకం తప్పుతుంది.

కడుపులో తిప్పితే

రాత్రంతా బస్సులో నిద్ర లేక, పొద్దున్నే పడవెక్కినవారికి వికారం త్వరగా పట్టుకుంటుంది. ఖాళీ కడుపుతోనూ వద్దు, పూరీలు దట్టించీ వద్దు. రెండు ఇడ్లీలు తినండి. పడవ మధ్యలో కూర్చుని, ఫోను పక్కన పెట్టి, దూరాన నీరూ ఆకాశమూ కలిసే గీతను చూస్తుండండి. వాంతులు రాకుండా వేసుకునే మాత్రలున్నాయి. ప్రయాణానికి గంట ముందు వేసుకోవాలి. అవి మత్తునిస్తాయి. గర్భిణులు, నీటికాసుల జబ్బు, ప్రోస్టేటు బాధ ఉన్నవారు డాక్టరును అడగకుండా వాడరాదు. మద్యం తాగి పడవెక్కడం ఎవరికీ మంచిది కాదు. మూర్ఛలు వచ్చేవారు, ఇటీవల గుండెనొప్పి వచ్చినవారు చిన్న పడవలకు దూరంగా ఉండాలి. మధుమేహానికి మందులు వాడేవారు చక్కెర పలుకులు, ఉబ్బసం ఉన్నవారు తమ ఇన్‌హేలరు, అందరూ తాగే నీళ్ళు వెంట ఉంచుకోవాలి.

పడవ తిరగబడితే

చాలా పడవలు తిరగబడినా తేలుతూనే ఉంటాయి. దాన్ని పట్టుకుని ఉండండి. ఒడ్డు దగ్గరలోనే ఉన్నట్టు కనిపిస్తుంది, నమ్మి ఈదకండి. వెతికేవారి కంటికి మనిషి తలకంటే పడవ త్వరగా కనిపిస్తుంది. మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని, నలుగురూ దగ్గరగా చేరి, పిల్లలను మధ్యలో ఉంచండి. మన సముద్రం వెచ్చనిదే అయినా గంటల తరబడి ఉంటే ఒంటి వేడిని లాగేస్తుంది. దాహమేసినా ఉప్పునీరు తాగకండి. తీర రక్షక దళానికి 1554, లేదా 112కు ఫోను చేయాలి. ఫోనును నీరు చొరని సంచిలో పెట్టి మెడకు తగిలించుకుంటే ఆ వేళకు పనికివస్తుంది. ఒడ్డున ఉన్నవారు వెంటనే దూకకుండా తాడో, మూత బిగించిన ఖాళీ డబ్బానో విసరండి.

ఒడ్డుకు చేర్చాక

నీళ్ళు కక్కించాలని పొట్ట నొక్కడం, తలకిందులుగా వేలాడదీయడం, గిరగిర తిప్పడం ఇంకా కొన్నిచోట్ల చేస్తున్నారు. వాటివల్ల పొట్టలోది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. విలువైన నిమిషాలూ పోతాయి. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి శ్వాస ఉందేమో చూడండి. లేకపోతే ఒకరు 108కి ఫోను చేస్తుండగా ఇంకొకరు ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ముందుగా రెండుసార్లు ఊపిరి ఊదాలి. తర్వాత రొమ్ము ఎముక కింది సగం మీద అరచేతి మడమతో 30 సార్లు, నిమిషానికి 100 నుంచి 120 చొప్పున, పెద్దవారికైతే 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. మళ్ళీ రెండు ఊపిర్లు, మళ్ళీ 30 నొక్కులు. సహాయం అందేదాకా ఆపరాదు. శ్వాస ఉండి తెలివి లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తేరుకుని లేచి కూర్చున్నా సరే, దగ్గు, ఆయాసం ఉంటే ఆస్పత్రికి తీసుకువెళ్ళవలసిందే. ఊపిరితిత్తులలో చేరిన నీరు కొన్ని గంటల తర్వాత బాధ పెట్టవచ్చు.

మెడలో గుర్తింపు కార్డు లేకపోతే హైటెక్ సిటీలో ఏ ఆఫీసు గేటూ మిమ్మల్ని లోపలికి రానివ్వదు. ఆ నియమాన్ని మీరు రోజూ విసుగు లేకుండా పాటిస్తున్నారు. సముద్రానికి గేటూ లేదు, కాపలాదారూ లేడు. అక్కడ ఆ కాపలా మీరే కాయాలి. పట్టీ బిగించనిదే మీరు ఎక్కకండి. మీ ఇంట్లోవారిని ఎక్కనివ్వకండి.