ఉద్దానము, అనురాధపురము: ఒకే వ్యాధి, రెండు దేశముల వైద్య వ్యవస్థలు

శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన, మహేంద్రగిరికిని సముద్రమునకును నడుమ, ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములు వ్యాపించియున్న పచ్చని సీమకు ఉద్దానమని పేరు. ఉద్యానమను మాటయే జనుల నోట ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో నిండిన ఈ ప్రాంతమును తొలిసారి చూచిన వారు ఇది కోనసీమకు తోబుట్టువని తలంతురు. కాని ఈ తోటల నీడనే కొన్ని దశాబ్దములుగా మూత్రపిండముల వ్యాధి ఇంటింటను తిరుగాడుచున్నది. మధుమేహము లేదు, రక్తపుపోటు లేదు, అయినను నడివయస్సుననే రైతుల, కూలీల మూత్రపిండములు నెమ్మదిగా చెడిపోవుచున్నవి. 2019లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, పరీక్షింపబడిన పెద్దవారిలో ప్రతి నూటికి సుమారు 18 మందికి మూత్రపిండముల వ్యాధి యున్నట్లును, వారిలో అధిక సంఖ్యాకుల విషయమున తెలిసిన కారణమేదియు కనిపింపనట్లును తేలెను.

ఇట్టి వ్యాధియే మనకు దక్షిణమున శ్రీలంకలోను గలదు. అనురాధపురము, పొలొన్నరువ జిల్లాలు ప్రాచీన కాలపు చెరువులకు, వరిపొలములకు ప్రసిద్ధములు. 1990 ప్రాంతము నుండి అచ్చటి రైతులలో కారణము తెలియని మూత్రపిండ వ్యాధిని వైద్యులు గుర్తింపసాగిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో జరిగిన పరిశోధనలో, వ్యాధి తీవ్రముగా నున్న జిల్లాలలో నూటికి 15 మొదలు 23 వరకు దీని బారిన పడినట్లు కనుగొనిరి. తోటలు వేరు, పంటలు వేరు, భాష వేరు. రోగి పడు బాధ మాత్రము ఒక్కటియే. కావున రెండు దేశముల వైద్య వ్యవస్థలను పోల్చి చూచుటకు ఇంతకంటె తగిన సందర్భము దొరకదు. శ్రీలంక జనాభా సుమారు 2 కోట్ల 20 లక్షలు. అనగా ఆ దేశమును భారతదేశమంతటితో గాక మన రాష్ట్రముతో పోల్చుట న్యాయము.

శ్రీలంక పద్ధతి చాల సరళమైనది. ప్రభుత్వము పన్నులు వసూలు చేసి, ఆ ధనముతో తానే ఆసుపత్రులు నిర్మించి, వైద్యులకు జీతములిచ్చి, రోగులకు ఉచితముగా వైద్యము చేయించును. కార్డు అడుగరు, ఆదాయము అడుగరు. ఈ పద్ధతికి మూలము ఒక విపత్తులో నున్నది. 1934-35 సంవత్సరములలో మలేరియా జ్వరము ఆ ద్వీపమున వేలాది ప్రాణములను బలిగొన్నది. అంతకుముందే 1926లో కలుతరలో తొలి ఆరోగ్య విభాగము ఏర్పడియుండెను. మలేరియా అనంతరము అట్టి విభాగములు, గ్రామీణ చికిత్సాలయములు దేశమంతట విస్తరించెను. ఏ మలేరియా వలన ఈ ఏర్పాటులు పెరిగినవో, ఆ మలేరియాయే ఆ దేశమున లేదని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచుట గమనింపదగిన విషయము.

మన పద్ధతి ఇంత సరళము కాదు. 1946లో భోర్ కమిటీ ఇచ్చిన నివేదిక ననుసరించి, 1952లో సమాజాభివృద్ధి పథకముతో బాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు ఆరంభమైనవి. మైదాన ప్రాంతమున 30,000 మందికి, కొండ ప్రాంతమున 20,000 మందికి ఒక కేంద్రము, దాని క్రింద ఉప కేంద్రములు ఉండవలెనని నియమము. ఇది శ్రీలంక పద్ధతికి దగ్గరి చుట్టమే. అయితే కాలక్రమమున పెద్ద జబ్బులకు వైద్యము ఎక్కువగా ప్రైవేటు ఆసుపత్రుల పాలయ్యెను. పొలమమ్మి, పుస్తెలమ్మి వైద్యము చేయించుకొన్న కుటుంబములు ప్రతి గ్రామమునను గలవు. ఈ బాధను తగ్గించుటకై ఆరోగ్యశ్రీ పథకము పుట్టెను. 2007 ఏప్రిల్ 1వ తేదీన తొలుత మూడు జిల్లాలలో అది అమలులోనికి వచ్చెను. మహబూబ్‌నగర్, అనంతపురములతో బాటు ఆ మూడింటిలో శ్రీకాకుళము ఒకటి యగుట మన పాఠకులలో పెక్కురకు గుర్తుండియుండును. ప్రభుత్వము ఆసుపత్రిని నిర్మింపకయే, ఒప్పందమునకు వచ్చిన ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులకు రోగి పక్షమున సొమ్ము చెల్లించుట దీని విధానము. ఈ పథకమున ఖర్చు పరిమితిని 2023 డిసెంబరులో 25 లక్షల రూపాయలకు పెంచిరి.

ఈ రెండు పద్ధతులలో భేదమెచ్చట? శ్రీలంక ప్రభుత్వము ఆసుపత్రిని నడుపుచున్నది. మన ప్రభుత్వము కొన్ని ఆసుపత్రులను నడుపుచు, పెద్ద చికిత్సల బిల్లును చెల్లించుచున్నది. బిల్లు చెల్లించు పద్ధతిలో గుండె ఆపరేషను వంటి ఒకనాటి చికిత్స బాగుగా సాగును. కాని ఏండ్ల తరబడి నెమ్మదిగా ముదురు మూత్రపిండ వ్యాధికి కావలసినది వేరు. ఏ లక్షణము కనిపింపక మునుపే రక్తమున క్రియాటినిన్ ఎంత యున్నదో చూడవలెను. నెలనెల మాత్రలు అందవలెను. నొప్పి మాత్రలు ఇష్టము వచ్చినట్లు మ్రింగకుండ వారించువారు ఊరిలోనే యుండవలెను. ఇవి ఆసుపత్రి పనులు కావు, ఉప కేంద్రపు పనులు.

ఈ విషయమున శ్రీలంకకు గల బలము ప్రజారోగ్య మంత్రసాని. సుమారు 3,000 జనాభాకు ఒకరు చొప్పున నియమింపబడిన ఈమె, తన పరిధిలోని ప్రతి గర్భిణి పేరును, ప్రతి శిశువు బరువును తన పుస్తకమున వ్రాసికొని ఇంటికి వచ్చి చూచును. 1930 ప్రాంతమున ఆ దేశమున లక్ష ప్రసవములకు 2,000 మందికి పైగా తల్లులు మరణించుచుండగా, ఇటీవలి కాలమున ఆ సంఖ్య 30కి కొంచెము అటు ఇటుగా నున్నది. మన దేశమున 2018-20 లెక్కల ప్రకారము లక్షకు 97, ఆంధ్రప్రదేశమున 45. మన రాష్ట్రము వెనుకబడియున్నదని ఈ అంకెను చూచి నిరుత్సాహపడ నక్కరలేదు. 2019-20 నాటి సర్వేలో మన రాష్ట్రపు ప్రసవములలో నూటికి 96కు పైగా ఆసుపత్రులలోనే జరిగినవి. ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎం.లు, 2005లో వచ్చిన 108 వాహనము దీనికి కారణములు.

అయినను మిగిలిన ఆ కొద్దిమంది ఎవరు? విజయనగరం జిల్లాలో నుండి 2022లో పార్వతీపురం మన్యం జిల్లాగా విడివడిన సాలూరు, కురుపాం కొండలలోని జాతాపు, సవర తల్లులలో కొందరు వారే. బాట లేని ఊరికి 108 రాదు. నొప్పులు మొదలైన స్త్రీని డోలీలో మోసికొని దిగవలసినదే. దీనికై సాలూరులోను, గుమ్మలక్ష్మీపురములోను గిరిజన గర్భిణులకు వసతి గృహములు నడిపిరి. ప్రసవమునకు కొన్ని వారముల ముందే కొండ దిగివచ్చి, అచ్చట భోజనము, పరీక్షలు పొందుచు నుండవచ్చును. ఇది మన ప్రాంతపు అవసరమును చూచి మనవారు ఆలోచించిన ఉపాయము. దీనిని శ్రీలంకవారు వచ్చి చూచినను బాగుండును.

మరల ఉద్దానమునకు వత్తము. కొంతకాలము క్రిందటి వరకు కవిటి రోగికి డయాలిసిస్ కావలెననిన 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసి విశాఖపట్నం పోవలసియుండెను. ఇచ్ఛాపురము వారికి ఎల్ల దాటి బరంపురము పోవుటయే దగ్గర. డయాలిసిస్ వారమునకు రెండు మూడు పర్యాయములు, ఒక్కొక్కసారి నాలుగు గంటలు పట్టును. అనగా రోగి యొక్క బ్రదుకే ప్రయాణముగా మారిపోయెడిది. వెంట పోవువాని కూలి పోయెడిది. చికిత్స ఉచితమైనను కుటుంబము చితికిపోవుటకు ఇదియే కారణము. అటు తరువాత పలాస, సోంపేట, కవిటి, హరిపురం, టెక్కలి ఆసుపత్రులలో డయాలిసిస్ కేంద్రములు ఏర్పడెను. 2019 నుండి డయాలిసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను లభింపసాగెను. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల మూత్రపిండ వ్యాధుల ఆసుపత్రి, పరిశోధనా కేంద్రము ప్రారంభమైనవి. ఆనాడే హిరమండలం జలాశయము నుండి 807 జనావాసములకు మంచినీరు అందించు 700 కోట్ల రూపాయల పథకమును కూడ ప్రారంభించిరి.

శ్రీలంకలోను ఇంచుమించు ఇదే దారి. మెదవచ్చియ, పదవియ వంటి చిన్న పట్టణముల ఆసుపత్రులలోనే మూత్రపిండ చికిత్సాలయములు తెరచిరి. రోగులకు నెలసరి భృతి ఇచ్చిరి. గ్రామములలో నీటిని శుద్ధిచేయు యంత్రములు నెలకొల్పిరి. చైనా సహాయముతో పొలొన్నరువలో ప్రత్యేక ఆసుపత్రిని నిర్మించి 2021లో తెరచిరి. నీటి ఊటల నుండి నీరు త్రాగు కుటుంబములలో వ్యాధి తక్కువగా నున్నదని అచ్చటి పరిశోధకులు గమనించిరి. అయినను నీటిలో దోషమేమో నిశ్చయముగా తేలలేదు. నీటిలోని ఖనిజములు, పురుగుమందులు, భారలోహములు, ఎండలో చెమటోడ్చుచు తగినంత నీరు త్రాగకుండుట, నొప్పి మాత్రలు, వంశపారంపర్యము: ఇవన్నియు అనుమానితములే, నేరము ఋజువైనది ఏదియు లేదు. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగువా దేశములలో చెరకు నరకు కూలీలకు ఇట్టి వ్యాధియే వచ్చుచుండుటచే, ఎండదెబ్బపై పండితుల దృష్టి మరలినది.

కారణము తెలియనప్పుడు తొందరపడుట వలన వచ్చు చిక్కును శ్రీలంకయే చూపినది. గ్లైఫోసేట్ అను కలుపు మందే ఈ వ్యాధికి మూలమని తలంచి 2015లో దానిని నిషేధించిరి. తేయాకు తోటలవారు మొరపెట్టుకొనగా 2018లో తేయాకు, రబ్బరు తోటలకు సడలింపు ఇచ్చిరి. వ్యాధి మాత్రము అట్లే యున్నది.

ఉచిత వైద్యమనగానే అంతయు ఉచితమని భ్రమపడరాదు. శ్రీలంకలో ఆరోగ్యముపై జరుగు మొత్తము వ్యయములో ప్రజలు తమ జేబు నుండి పెట్టునది సగమునకు కొంచెము తక్కువ. ప్రభుత్వాసుపత్రిలో లేని పరీక్షలు, మందులు బయట కొనుటయు, సాయంకాలము అదే వైద్యుని ప్రైవేటుగా చూచుటయు అచ్చట సామాన్యము. మన దేశమున 2013-14లో 64 శాతముగా నున్న ఈ భారము 2021-22 నాటికి 39 శాతమునకు తగ్గెను. ఇక ప్రభుత్వములు వెచ్చించునది రెండు దేశములలోను జాతీయాదాయమున సుమారు 2 శాతమే. అంత కొద్ది ధనముతో శ్రీలంక అంత మేలు సాధించుటకు డాక్టరు సేనక బిబిలే ఆలోచనతో 1971లో ఏర్పడిన ప్రభుత్వ ఔషధ సంస్థ కొంత కారణము. మందులను కంపెనీ పేర గాక అసలు పేర కొని, ధర తగ్గించుట ఆయన పద్ధతి. మన ఊళ్లలోని జన ఔషధి దుకాణములది కూడ అదే సూత్రము. కాని 2022లో ఆ దేశపు ఖజానాలో విదేశీ ద్రవ్యము నిండుకొనగా ఆసుపత్రులలో మందులు కరవై శస్త్రచికిత్సలు సైతము ఆగిపోయెను. అన్నిటిని ప్రభుత్వమే నడుపు పద్ధతిలో ప్రభుత్వము తడబడినచో రోగికి వేరు దిక్కు తక్కువ.

ఉద్దానపు పాఠకులకు ఒక మాట. ఈ వ్యాధికి తొలి దశలో నొప్పి యుండదు. కాళ్ల వాపు, ఆకలి మందగించుట, ఆయాసము కనిపించునాటికే మూత్రపిండము చాలవరకు చెడియుండును. కావున ముప్పది యేండ్లు దాటిన ప్రతి పురుషుడు, స్త్రీ, ముఖ్యముగా ఇంటిలో ఒకరికి వ్యాధి యున్నవారు, సంవత్సరమునకు ఒకసారి క్రియాటినిన్ పరీక్ష చేయించుకొని ఆ కాగితమును భద్రపరచుకొనవలెను. నిరుటి అంకె ప్రక్కన ఈ యేటి అంకెను పెట్టి చూచిననే వైద్యునకు వ్యాధి వేగము తెలియును. తోట పనికి పోవునప్పుడు నీటి సీసా వెంట తీసికొనిపోవలెను. నడుము నొప్పికి కిరాణా దుకాణమున అమ్ము మాత్రలను వైద్యుని అడుగనిదే మ్రింగరాదు. పింఛను కొరకు, డయాలిసిస్ కేంద్రమున చేరుట కొరకు కావలసిన కాగితముల వివరములు గ్రామ సచివాలయమునందును, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునందును తెలిసికొనవచ్చును.