పెద్దబడి, చిన్నబడి

యెర్రగుంట్ల నుండి నంద్యాలకు పోవు రైలుమార్గమున, ప్రొద్దుటూరు స్టేషను పేరుపలకపై ఆంగ్లాక్షరములన్నియు పెద్దబడిలోనే యుండును. బ్రహ్మంగారిమఠమున ఒకటవ తరగతి చదువు పిల్లవాని వాచకమందు ఆ అక్షరములే చిన్నబడిలో కనబడును. తొమ్మిదక్షరముల ఆ పేరులో పి, ఓ, యు అనునవి చిన్నవైనను తమ రూపమును విడువవు. ఆర్, ఏ అనునవి పోలికయే లేకుండ మారిపోవును. ఇక డి సంగతి మఱింత విపరీతము. పెద్ద డికి పొట్ట కుడివైపున, చిన్న డికి ఎడమవైపున. కుడివైపున పొట్టగల చిన్నయక్షరము బి. కావున జతపఱచుమని పలక చేతికిచ్చినపుడు పెద్ద డి నుండి చిన్న బి వఱకు గీత గీసిన పసివాడు మందమతి కాడు, కంటికి తోచిన న్యాయమును పాటించినవాడు.

ఈ చిక్కు చరిత్ర తెచ్చిపెట్టినది. పెద్దబడి రోమనులు ఉలితో రాతిపై చెక్కిన లిపి, క్రీ.శ. 113 నాటి ట్రాజను విజయస్తంభముపై దానిని నేటికిని చూడవచ్చును. చిన్నబడి అంతకు సుమారు 700 ఏండ్లకు పిమ్మట, షార్లమేన్ చక్రవర్తి కాలమున, లేఖకులు చర్మపత్రములపై కలముతో వ్రాయుటకు తీర్చిదిద్దిన లిపి. 15వ శతాబ్దమున ఇటలీ పండితులును ముద్రాపకులును ఈ రెంటిని స్థిరముగా జతకూర్చిరి. అనగా మనము పసివాని ముందుంచునది ఒక వర్ణమాల కాదు, రెండు. మన లిపికి ఈ భేదము లేదు. యెర్రగుంట్ల చెంతనున్న కలమళ్ళలోని క్రీ.శ. 575 ప్రాంతపు రేనాటిచోళ శాసనమునను లేదు.

ప్రకృతిలో కుడియెడమల మార్పు వస్తువును మార్చదు. దూడ ఇటు తిరిగినను అటు తిరిగినను దూడయే. పుట్టిననాటి నుండి కన్ను నేర్చిన ఈ నియమమును అక్షరముల యెడ మాత్రము మఱచిపొమ్మని బడి కోరుచున్నది. అందువలన ఐదాఱేండ్ల ప్రాయమున బి, డిలు తాఱుమాఱగుట రోగమేమియు కాదు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు స్టానిస్లాస్ దెహేన్ సహచరులతో కూడి 2001లో ప్రకటించిన ప్రయోగమున, ఒక పదమును తెలివికి అందనంత స్వల్పకాలము ఒక బడిలో చూపి, వెంటనే దానినే మఱియొక బడిలో చూపగా, మెదడు ఎడమపార్శ్వమందలి పఠనస్థానము ఆ రెంటిని ఒక్కటిగనే గ్రహించెను. చదువరి మెదడు ఆకారమును దాటి అక్షరమును పట్టుకొనునన్నమాట. ఇది అభ్యాసముచే మాత్రమే అలవడు శక్తి. ఆ అభ్యాసమున చేతికిని పాలు కలదు. అమెరికాలో శాస్త్రజ్ఞురాలు కారిన్ జేమ్స్ 2012లో చూపినట్లు, చదువురాని ఐదేండ్ల పిల్లలలో చేతితో వ్రాసి నేర్చిన అక్షరములే పఠనస్థానమును మేల్కొలిపినవి. మీటలు నొక్కి నేర్చినవి అట్లు చేయలేదు. 1939లో అడయారునకు విచ్చేసిన విద్యావేత్త మరియా మాంటిస్సోరి అంతకు ఎంతో ముందే గరుకుకాగితపు అక్షరములపై పిల్లల వ్రేళ్ళను నడిపించెను. అదియు చిన్నబడితోనే ఆరంభించెను, పుస్తకమందు అత్యధికముగా కనబడునవి అవియే కదా.

ఒకే అక్షరమునకు రెండు రూపములను నేర్పు విద్య మన పంతుళ్ళకు క్రొత్తది కాదు. ప్రొద్దుటూరు అను మాటనే తెలుగున చూడుడు: దకారము క్రింది ఒత్తు తల్లియక్షరమును పోలును, పకారము క్రింది రవొత్తునకు రకారముతో ఏ పోలికయు లేదు. జమ్మలమడుగులోని మవొత్తును అట్టిదే. అయినను మొదటి దినముననే అక్షరముల ప్రక్క ఒత్తులను బారులు తీర్చిన వారెవరును లేరు. అక్షరములు, గుణింతములు కుదిరిన పిమ్మట అత్త, పల్లె వంటి మాటలలో వానిని పరిచయము చేసిరి. ఆంగ్లమునకు వచ్చుసరికి మాత్రము ఇరువదియాఱు జంటలను ఒక్క పటముపై గ్రుమ్మరించి పాటగా వల్లెవేయింతుము. పాట నోటికి వచ్చును, కంటికి రాదు.

సి, ఓ, ఎస్, వి, డబ్ల్యు, ఎక్స్, జెడ్ అను ఏడును రెండు బడులలో ఒక్క తీరుననే యుండును గనుక వానితో మొదలిడుట మేలు. పిదప పిల్లవాని పేరులోని అక్షరములు రావలెను. తన పేరు మొదటి అక్షరమును శిశువు తక్కినవానికంటె ముందుగా గుర్తించునని పరిశోధకులు కనుగొనిరి. ఏ, జి, ఆర్ వంటి మొండిజంటలను కడపట, మాటలలోనే నేర్పవలెను. జతపఱపించునపుడు ఇది దేనిని పోలియున్నదని కాక, దీని పలుకేమని అడుగవలెను. పులివెందుల, జమ్మలమడుగు ప్రాంతముల ఉపాధ్యాయులును అంగన్వాడీ కార్యకర్తలును ఆ పటమును గోడకే విడిచి, ఇసుకలోనో పలకపైనో వ్రేలితో దిద్దించుచు, డి చేతికి నిలిచిన పిమ్మటనే బి జోలికి పోవలెనని నా మనవి.