గ్రే గారూ, కాస్త అడిగి చేయండి!

ఫోన్‌లో నవల చదవడంలో ఒక సౌకర్యం ఉంది. అట్ట ఎవరికీ కనపడదు. మెట్రోలో పక్కన కూర్చున్న ఆంటీ, నేనేదో ఆఫీసు మెయిల్ చూసుకుంటున్నాననుకుంటుంది. ఆ ధైర్యంతోనే, లోకమంతా ఎప్పుడో చదివేసిన ‘ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే’ని ఈమధ్య మొదలుపెట్టాను. మియాపూర్‌లో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగేలోపు రోజుకు ఒకటో రెండో చాప్టర్లు. చదువుతూ సిగ్గుపడతానేమో అనుకున్నా. తీరా చూస్తే చిరాకుపడ్డాను.

బ్రిటిష్ రచయిత్రి ఇ.ఎల్. జేమ్స్ మొదట ‘ట్విలైట్’ నవలల మీద అభిమానంతో, ఆ పాత్రలతోనే ఆన్‌లైన్‌లో రాసుకున్న కథ ఇది. పేర్లు మార్చాక 2011లో పుస్తకంగా వచ్చింది. మూడు భాగాలూ కలిపి 2014 నాటికే 10 కోట్ల కాపీలు దాటాయి. 2015లో సినిమా వస్తే మన సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఇంత హడావుడి జరిగిందంటే లోపల ఏదో ఉండే ఉంటుందనుకున్నాను.

లోపల ఉన్నది ఇద్దరు. అనా వయసు 21, సాహిత్యం చదువుతోంది. క్రిస్టియన్ గ్రేకి 27, సియాటెల్‌లో పెద్ద కంపెనీ యజమాని. జ్వరంతో ఉన్న రూమ్మేట్ బదులు అనా అతన్ని ఇంటర్వ్యూ చేయడానికి వెళ్తుంది. అక్కడ మొదలవుతుంది కథ. తన పడకగది ఇష్టాలు వేరని అతను ఒక ఒప్పంద పత్రం ఇస్తాడు. ఏది సరే, ఏది కాదు అని ఇద్దరూ బేరమాడతారు. జిమ్‌కి వారానికి ఎన్ని రోజులు వెళ్లాలన్న దాని మీద కూడా!

నిజం చెప్పాలంటే నాకు ఆ ఒప్పందంతో పేచీ లేదు. అందులో ‘కుదరదు’ అనడానికి అనాకి కనీసం చోటుంది. ఇద్దరు పెద్దవాళ్లు ఒప్పుకుని ఏం చేసుకుంటే మనకెందుకు? నా పేచీ అంతా ఒప్పందంలో లేని వాటితోనే.

ఆమె ఫ్రెండ్స్‌తో బార్‌లో ఉంటే, ఫోన్ ఆధారంగా ఎక్కడుందో కనిపెట్టి వచ్చేస్తాడు. ఆమె ముచ్చటపడి నడుపుకునే పాత కారు అమ్మించేసి, కొత్త ఆడీ చేతిలో పెడతాడు. నాలుగు రోజులు దూరంగా ఉందామని అమ్మ దగ్గరికి వెళ్తే, చెప్పకుండా అక్కడా ప్రత్యక్షం. రెండో భాగంలో ఏకంగా ఆమె పనిచేసే కంపెనీనే కొనేస్తాడు. ఫోన్‌లో టార్చ్‌లైట్ యాప్ కూడా లొకేషన్ కావాలంటే ముందు పర్మిషన్ అడుగుతుంది. ఈ కోటీశ్వరుడు అడగడు!

అనా మీదా జాలి కలగలేదు. ప్రతిసారీ ‘ఇదేం పద్ధతి’ అనుకుంటుంది, కాసేపటికే కరిగిపోతుంది. మొదటి భాగం చివర్లో అతన్ని వదిలి వెళ్లిపోతే హమ్మయ్య అనుకున్నా. కానీ ఆమె వెళ్లింది దెబ్బల నొప్పి భరించలేక. ఫోన్ సంగతి, కారు సంగతి లెక్కలోకే రాలేదు. తర్వాతి భాగం మొదట్లోనే మళ్లీ కలిసిపోతారు. మూడో భాగానికి పెళ్లి కూడా అయిపోతుంది.

ఇంత చిరాకు ఎందుకంటే, ఇంజనీరింగ్ ఫైనలియర్‌లో నాకూ ఒకతను ఉండేవాడు. “లైవ్ లొకేషన్ ఆన్‌లో పెట్టు, నాకు టెన్షన్‌గా ఉంటుంది” అనేవాడు. పెట్టాను. ఒకరోజు ఫ్రెండ్స్‌తో బిర్యానీ తింటుంటే ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. “ఎంత కేరింగే నీవాడు!” అంది మా ఫ్రెండ్. నేనూ నవ్వాను. ప్లేట్‌లో బిర్యానీ మాత్రం అలాగే మిగిలిపోయింది. కొన్నాళ్లకి ఒక సాయంత్రం చార్జింగ్ అయిపోయి ఫోన్ ఆగిపోతే, ప్రాణానికి ఎంత హాయిగా అనిపించిందో! ఆ హాయి ఎందుకో అర్థమయ్యాక మా కథ ఎక్కువ రోజులు నడవలేదు.

హీరో మంచివాడే కావాలని నేను అడగట్లేదు. ‘కన్యాశుల్కం’లో గిరీశం పచ్చి మోసగాడు. అయినా అతను నోరు తెరిస్తే చాలు, పేజీ తిప్పకుండా ఉండలేం. చలం ‘మైదానం’లో రాజేశ్వరి మీద, అమీర్ మీద చాలాసార్లు కోపం వచ్చింది. అయినా చివరిదాకా చదివించారు. గిరీశం ఎలాంటివాడో గురజాడకి బాగా తెలుసు, మనకీ తెలియనిస్తాడు. ఇక్కడ అలా కాదు. గ్రే నిఘా పెట్టిన ప్రతిసారీ, పాపం చిన్నప్పటి గాయాలు, అదంతా ప్రేమే అని పుస్తకమే సర్దిచెబుతుంది. పాత్రలు నచ్చకపోవడం కంటే నన్ను ఎక్కువ నిరాశపరిచింది అదే.

అదే పుస్తకాన్ని 21 ఏళ్లప్పుడు చదివుంటే? బహుశా గ్రే నచ్చేవాడేమో. అది తలుచుకుంటేనే కాస్త భయమేసింది.

చదవడం అయిపోయాక మా ఫ్రెండ్‌కి మెసేజ్ పెట్టాను, ఆ బిర్యానీ నాడు నవ్విన ఫ్రెండే. “ఎలా ఉందే బుక్కు?” అని అడిగింది.

“మనవాడు గుర్తొచ్చాడు” అన్నాను.

అటు నుంచి చాలాసేపు టైపింగ్ అని చూపించింది. చివరికి ఒక్క మాట వచ్చింది: “సారీనే.”