రేగడిలో పికప్: ముందు టైరు, తర్వాతే కమాను

పికప్ బండి వెనక కమాను పట్టీలు బరువు కోసం వేసినవి, సుఖం కోసం కాదు. టన్ను, టన్నున్నర సరుకు ఎక్కితే అవి వంగి చక్రాలను నేలకు అదిమి ఉంచుతాయి. బండి ఖాళీగా ఉంటే అవే పట్టీలు కర్రల్లా బిగుసుకుని ఉంటాయి. సంగారెడ్డి జిల్లా హత్నూర మండలంలో ట్రాక్టర్లు తిరిగి గాళ్లు పడ్డ పొలం బాటల మీద ఖాళీ పికప్ ఎగిరెగిరి పడేది అందుకే. ఎగిరిన చక్రానికి నేల అందదు. మామూలు డిఫరెన్షియల్ ఉన్న బండిలో ఏ చక్రం తేలిగ్గా తిరుగుతుందో అదే తిరుగుతుంది. గాలిలో ఉన్నది గిర్రున తిరుగుతుంటే, నేల మీదున్నది కదలకుండా నిలబడుతుంది. అందువల్ల బండిని బురదకు, రాళ్లకు తయారు చేయడమంటే ముందుగా నాలుగు చక్రాలూ నేల విడవకుండా చూడటం. ఎత్తు పెంచడం ఆ తర్వాతి మాట. చాలామంది ఇక్కడే వరస తప్పుతారు: ఉన్న డబ్బంతా ఎత్తుకు పెట్టేసి, అరిగిన టైర్లతోనే బురదలో దిగుతారు.

టైరు ఎంచుకునే ముందు నేలను చూడాలి. పటాన్‌చెరులో 1972లో నెలకొల్పిన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఆవరణలో ఎర్ర చెలక, నల్ల రేగడి రెండూ ఉన్నాయి. ఈ ప్రాంతపు నేలలకు అదొక చిన్న నమూనా. చెలకలో వాన నీళ్లు త్వరగా ఇంకుతాయి, కొంచెం దిగితే మొరం తగులుతుంది, టైరు ఆనడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. రేగడి అట్లా కాదు. దానిలోని బంకమన్ను నీళ్లు తాగి ఉబ్బి, అంటుకున్నదాన్ని వదలదు. రోడ్డు టైరుతో తడి రేగడిలో దిగితే నాలుగు చుట్లు తిరిగేలోపే ట్రెడ్డు సందులన్నీ మట్టితో పూడిపోయి, టైరు నల్లటి నున్నటి డ్రమ్ములా మారుతుంది. ఇంకాస్త ముందుకు పోతే మడ్‌గార్డు లోపల మట్టి పేరుకుని చక్రానికే రాసుకుంటుంది.

మడ్ టెరైన్ టైరుకు సందులు వెడల్పుగా, రబ్బరు దిమ్మెలు పెద్దగా ఉండేది ఈ మట్టిని విసిరికొట్టడానికే. చక్రం తిరిగే ఊపుకే ముద్దలు ఊడి పడిపోతాయి. కానీ అదే టైరు 65వ నంబర్ జాతీయ రహదారి మీద సంగారెడ్డి నుంచి జహీరాబాద్ దాకా హోరుమంటూనే ఉంటుంది, త్వరగా అరుగుతుంది, తడి తారు మీద బ్రేకు వేస్తే ఎక్కువ దూరం పోయి ఆగుతుంది. రోడ్డు టైరుకూ దీనికీ మధ్యది ఆల్ టెరైన్ టైరు. వారంలో ఐదు రోజులు ఫ్యాక్టరీకి సరుకు తోలి, రెండు రోజులు చేన్లోకి పోయే బండికి అదే సరైనది. సదాశివపేట దగ్గర ఎంఆర్ఎఫ్ ఫ్యాక్టరీ ఉన్న జిల్లా ఇది, టైరు ఇక్కడివాళ్లకు కొత్త వస్తువేమీ కాదు. అయినా దాని పక్కన అచ్చేసిన అంకెలు చదివి కొనేవాళ్లు తక్కువే.

ఆ అంకెలు చదవడం కష్టం కాదు. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో 2016లో మొదలైన ఇసుజు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తొలి వీ-క్రాస్ పికప్‌కి 245/70 ఆర్16 టైర్లు ఉండేవి. 245 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 70 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం, అంటే సుమారు 171 మిల్లీమీటర్లు. 16 అంగుళాలు డిస్కు సైజు. లెక్క కడితే టైరు మొత్తం ఎత్తు 749 మిల్లీమీటర్లు వస్తుంది. దాని బదులు 265/70 ఆర్16 వేస్తే 777 అవుతుంది. 28 మిల్లీమీటర్లు పెరిగింది కదా అనిపిస్తుంది గానీ, యాక్సిల్ లేచేది అందులో సగం, 14 మాత్రమే. స్పీడోమీటరు 100 చూపిస్తుంటే బండి దాదాపు 104 వేగంతో పోతుంటుంది. గేరింగు బరువై లాగుడు కొంత తగ్గుతుంది, బ్రేకుల మీద భారం పెరుగుతుంది. లోడు ఇండెక్సును మాత్రం ఎప్పుడూ తగ్గించకూడదు. 111 అని ఉంటే ఒక్కో టైరు 1,090 కిలోలు మోస్తుందని అర్థం.

పైసా ఖర్చు లేని మార్పు గాలి తగ్గించడం. రోడ్డు మీద 35 పీఎస్ఐ ఉన్న టైరును ఇసుకలోనో మెత్తటి నేలలోనో 18, 20కి దించితే టైరు సాగి, నేలను తాకే భాగం పొడవవుతుంది, కూరుకుపోవడం తగ్గుతుంది. ఇది ఖాళీ బండికి, నెమ్మది నడకకు మాత్రమే. మరీ తగ్గిస్తే మలుపులో టైరు డిస్కు అంచు వదిలేస్తుంది. తారు రోడ్డు ఎక్కే ముందు మళ్లీ నింపకపోతే పక్క గోడలు వేడెక్కి పగులుతాయి. కాబట్టి గాలి దించేవాడి బండిలో చిన్న కంప్రెసర్ ఉండి తీరాలి.

డిస్కుల విషయంలో చూపు ముచ్చట ఎక్కువ, ప్రయోజనం తక్కువ. రాళ్ల బాటకు పెద్ద డిస్కు కంటే చిన్నదే మేలు. పక్క గోడ ఎత్తుగా ఉంటే దెబ్బను రబ్బరు తీసుకుంటుంది. చక్రాలు బయటికి పొడుచుకొచ్చేలా డిస్కులు మార్చినా, స్పేసర్లు వేసినా హబ్బు బేరింగుల మీద బరువు పెరుగుతుంది, స్టీరింగు గుంజుతుంది.

ఇక కమాను. కొత్త సామాను కొనే ముందు బండి కింద పడుకుని ఉన్నదాన్ని చూడాలి. పట్టీల మధ్య నుంచి ఎర్రటి తుప్పు పొడి రాలుతోందా, మధ్య బోల్టు దగ్గర పట్టీ పక్కకు జరిగిందా, పట్టీ చివరను ఛాసిస్‌కు కలిపే షాకిల్ బుష్షులు గుడ్డు ఆకారంలో అరిగాయా, షాక్ అబ్జార్బరు మీద నూనె తడి ఉందా. సగం ఎగురుడు వీటి వల్లే ఉంటుంది. వెనక ఎత్తు పెంచడానికి దారులు చాలా ఉన్నాయి. ఒక పట్టీ అదనంగా వేస్తే ఎత్తూ వస్తుంది, బిగువూ వస్తుంది. ఎప్పుడూ సరుకుతో తిరిగే బండికి అది సరే, ఖాళీగా తిరిగేదానికి కీడు. రెండంగుళాల పొడవు ఎక్కువున్న షాకిల్ వేస్తే ఎత్తు అంగుళం పెరుగుతుంది. యాక్సిల్‌కూ పట్టీల కట్టకూ మధ్య ఇనుప దిమ్మె పెట్టడం చవక, కానీ గట్టిగా లాగినప్పుడు, బ్రేకు వేసినప్పుడు యాక్సిల్ మెలిపడుతుంది. ముందు యాక్సిల్‌కు ఆ పని ఎన్నడూ చేయకూడదు. అన్నిటికన్నా మంచిది మందపాటివి నాలుగు కాకుండా పలచటి పట్టీలు ఎక్కువగా ఉన్న కొత్త కట్ట, దానికి తగిన పొడవున్న షాక్ అబ్జార్బర్లు. అప్పుడే చక్రం గుంతలోకి దిగి, దిమ్మె ఎక్కి నేలను వెతుక్కోగలుగుతుంది.

ముందు భాగం తీరు వేరు. వీ-క్రాస్‌కు విష్‌బోన్ చేతుల మధ్య కాయిల్ స్ప్రింగులు. టాటా జెనాన్‌కు టార్షన్ బార్లు, అంటే మెలితిరిగి బరువు మోసే ఉక్కు కడ్డీలు. ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో తయారైన శరత్ యుద్ధ వాహనం బరువును మోసేవీ ఇలాంటి కడ్డీలే. పికప్‌లో ఈ కడ్డీ బోల్టు బిగించి ముందు భాగం లేపడం సులువు, కానీ చక్రం కిందికి వేలాడే జాగా తరిగిపోతుంది. ఏ రకమైనా ముందు రెండంగుళాలు దాటితే యాక్సిల్ జాయింట్ల కోణం పెరిగి రబ్బరు బూట్లు చినుగుతాయి, బాల్ జాయింట్లు త్వరగా పోతాయి.

స్ప్రింగులతో ఎంత లేపినా లేచేది బాడీ మాత్రమే. వెనక డిఫరెన్షియల్ గుండు ఉన్న చోటే ఉంటుంది. దాన్ని లేపగలిగేది పెద్ద టైరు ఒక్కటే. బాడీతో పాటు బరువు కేంద్రం కూడా పైకి పోతుంది. చెరువు కట్ట వాలు మీద, లోడుతో మలుపు తిరిగేటప్పుడు బోల్తా పడే ప్రమాదం పెరుగుతుంది.

చట్టం కూడా చూడాలి. ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడు వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని మార్పుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అదే మోడల్ పై రకానికి కంపెనీ ఇచ్చిన టైరు సైజు దాటకపోవడం, కమానులో అరిగినవి మార్చుకోవడం క్షేమం. అంతకు మించి చేయాలంటే ముందే ఆర్‌టీఓ ఆఫీసులో, బీమా కంపెనీలో అడగాలి.

పని అయ్యాక వీల్ అలైన్‌మెంట్ చేయించాలి, హెడ్‌లైట్ల చూపు కిందికి దించాలి. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు బ్రేకు హోసు లాగినట్టు బిగుసుకోకుండా ఉందో లేదో జాకీ మీద లేపి చూడాలి. కొత్త కమాను కట్ట సర్దుకుని, దాన్ని యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు వదులవుతాయి కాబట్టి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక వాటిని మరోసారి బిగించాలి.